దోర పేర్లు

కిందటి వారం చిలకను ఎక్కడ వదిలామో మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. గురువారం సాయంత్రం, ఆఫీసులో అందరూ సంచులు సర్దుకుంటున్న వేళ, మన చిలక తన సీట్లో కూర్చుని, ఒక మందుల షాపావిడ గురించి కంప్యూటర్లో రాసిపెట్టిన నోట్స్ తెరిచింది. అందులో రెండు నెలల కిందట తను రాసిన వాక్యం ఒకటుంది: ‘అన్నగారి మాట పొరపాటున కూడా ఎత్తకూడదు.’ దాని తోక కోసేసింది. కొత్త తోక అతికించింది. ఇప్పుడా వాక్యం ఇలా ఉంది: ‘అన్నగారి మాట తప్పకుండా ఎత్తాలి, కరిగిపోతారు.’ రాసి, కంప్యూటరు కట్టేసి, పిన్ని ఇంటికి వెళ్ళి, మూడు నెలల్లో మొదటిసారి కడుపునిండా తిని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

అంత కసి ఎందుకంటారా? ఉంది మరి.

మందులను చల్లగా ఉంచే ఫ్రిజ్‌లను ఫోన్లోనే అమ్మే ఆఫీసు అది. వీధులు పట్టుకు తిరిగే పని లేదు. ఒక కుర్చీ, చెవులకు స్పాంజి ఊడిన హెడ్‌సెట్, ఎదురుగా కంప్యూటరు, దాన్నిండా మందుల షాపుల పేర్లు. రోజుకు ఎనభై ఫోన్లు చెయ్యాలి. ఎనభైలో యాభై మంది ‘హలో’ వినగానే పెట్టేస్తారు. పదిమంది ‘మీటింగ్‌లో ఉన్నాను’ అంటారు, వెనకాల కుక్కరు కూస్తుంటుంది. మిగిలినవాళ్ళతోనే బతుకు. ఆఫీసులో ఈ పేర్లను మూడు రకాలుగా చెప్పుకుంటారు. ఇంకా ఏ సంగతీ తేలని పేరు పచ్చి. ‘రేపు చెయ్యమ్మా, ఆలోచిస్తాం’ అని నాలుగుసార్లన్న పేరు దోర. ‘సరే, పంపండి’ అనడానికి ఒక్క ఫోను దూరంలో ఉన్నది పండు. పచ్చిని పండు చెయ్యడానికి ఆరు వారాలు పట్టొచ్చు, పది వారాలు పట్టొచ్చు. కోసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

చేరిన మొదటి రోజున తనకిచ్చిన కాగితంలో ఏముందో అదంతా చదివేసింది చిలక. “నమస్కారమండీ, ఇక్కడ కస్టమరు పేరు చెప్పాలి, బాగున్నారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి” అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. అవతలి ఆయన, “ఆగానమ్మా, ఇంకా ఎంతసేపు?” అన్నాడట. ఆ పూటే టీమ్ లీడరు ఆమెకు చిలక అని పేరు పెట్టాడు. మూడు నెలలైనా ఎవరూ అసలు పేరుతో పిలవలేదు.

ఆ లీడరుకూ ఒక పేరుంది లెండి, గంట. మంచినీళ్ళ డబ్బా పక్కన గోడకు ఒక ఇత్తడి గంట వేలాడుతుంటుంది. ఎవరు అమ్మకం ముగిస్తే వాళ్ళు వెళ్ళి తాడు లాగాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. చిలక తన మొదటి అమ్మకానికి ఎంత ఆనందంగా లాగిందంటే, గంట లోపలి నాలుక ఊడొచ్చి డబ్బా మీద పడింది. అప్పుడు అందరితోపాటు తనూ పడీపడీ నవ్వింది. అంత మంచి రోజు మళ్ళీ రాలేదు. తర్వాత ఇంకొక్కసారి లాగింది. అంతే, రెండు. అదే కాలంలో ఆ లీడరు లాగింది పదకొండుసార్లు. వాటిలో తొమ్మిది చిలక పచ్చిగా తీసుకుని, వినయంగా, ఓపికగా, తిట్లు తిని, మోకాళ్ళ నొప్పులూ కోడళ్ళ కథలూ విని దోర చేసిన పేర్లు. సోమవారం పొద్దున వచ్చి చూసేసరికి అవి ఆమె జాబితాలో ఉండవు. అతని జాబితాలో ఉంటాయి. ఆమె రాసుకున్న నోట్స్‌తో సహా. పేరు ఎవరి జాబితాలో ఉన్నా నోట్స్ మాత్రం ఎవరైనా తెరవొచ్చు, దిద్దొచ్చు.

మూడు నెలల గడువు ఈ శుక్రవారం సాయంత్రంతో సరి. సొంత పేరు మీద అయిదు అమ్మకాలుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి, నాన్న మేకుల కొట్టుకు తిరిగి వెళ్ళి, “ఫోన్లో మాటలు చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని నేనానాడే అన్నాను” అనే ఆయన మాటను జీవితాంతం వినాలి.

ఇన్నాళ్ళూ ఆమె గోడు విన్నది ఒక్కరే, మేనేజరు. ఆఫీసంతా ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం చిలకను తన గదికి పిలిచి, టీ పోసి, “ఏడవకు. ఏ పేర్లు దోరకొచ్చాయో నాకు రాసివ్వు, నేను కనిపెట్టి ఉంటాను” అనేది. చిలక రాసిచ్చేది. ఆ గది నుంచి బయటికొచ్చినప్పుడల్లా ఈ లోకంలో ఒక్క మంచి మనిషైనా ఉందని కళ్ళు తుడుచుకునేది.

ఇక ఈ వారం కథ.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు హెడ్డాఫీసు నుంచి పెద్దసారు వచ్చాడు. నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఒక లీడరు చేత అందరి ముందూ స్పీకరు పెట్టి పండు పేరుకు ఫోన్ చేయిస్తాడు. కొత్తవాళ్ళు విని నేర్చుకోవాలని ఆయన ఉద్దేశం. ఈసారి వంతు గంటదని, ఆ షాపావిడకే చేస్తాడని రెండు రోజుల ముందే అందరికీ తెలుసు. కుర్చీలన్నీ వలయంగా వేశారు. మధ్యలో బల్ల, దాని మీద స్పీకరు. వెనక గోడ మీద గంట కంప్యూటరు తెర పెద్దదిగా కనిపిస్తోంది. అందులో ఆ షాపావిడ పేరుంది. నోట్స్ గడి మాత్రం అతను తెలివిగా తన బల్ల మీది చిన్న తెర మీదే తెరుచుకున్నాడు.

“ఇది నేను రెండు నెలలు నీళ్ళు పోసి పెంచిన పేరు సార్,” అన్నాడు గంట, చొక్కా చేతులు మడుచుకుంటూ. “పన్నెండుసార్లు మాట్లాడాను. ఆవిడ నాకు అమ్మలాంటిది.”

చిలకకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెదవి కొరుక్కుని కూర్చుంది. ఇంకో అయిదు నిమిషాలు. ఈ మూడు నెలల్లో ఎన్ని వందల మంది మొహాన ఫోన్ పెట్టేస్తే ఓర్చుకుంది, అయిదు నిమిషాలు ఓర్చుకోలేదా?

ఫోన్ మోగింది. అవతల షట్టరు చప్పుడు, ఎవరో దగ్గుమందు అడుగుతున్న గొంతు, తర్వాత ఆవిడ.

“ఎవరూ?”

“నమస్కారమండీ! ఫ్రిజ్ కంపెనీ నుంచి.”

“ఓ, మీరా. ఆ అమ్మాయి లేదా?”

పెద్దసారు కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. గంట చప్పున అందుకున్నాడు. “ఆ అమ్మాయి మా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయండీ. చెప్పండి, మీ ఎడమ మోకాలు ఎలా ఉంది?”

“కాస్త నయం నాయనా.”

“మధ్యాహ్నం కునుకు తీశారా? రెండింటి నుంచి మూడింటి దాకా మీరు పడుకుంటారని కావాలనే ఆగి చేశాను.”

ఆవిడ నవ్వింది. కొత్తవాళ్ళలో ఇద్దరు కాగితం మీద రాసుకున్నారు. ఎడమ మోకాలు తను రాసింది. కునుకు తను రాసింది. తన వాక్యాలు అతని నోట్లోంచి ఒక్కొక్కటే రావడం చూస్తూ, రాబోయేదాని కోసం కాచుకుంది చిలక. గంట కళ్ళు చిన్న తెర మీద ఇంకో లైను కిందికి దిగాయి. వచ్చింది.

“మరి మీ అన్నగారెలా ఉన్నారండీ? ఎదుటి షాపు వారిదేగా! అలాంటి అన్నగారు కళ్ళెదుటే ఉండటం ఎంత అదృష్టమండీ.”

 దగ్గుమందు అడిగినాయన మళ్ళీ ఏదో అడిగాడు. “ఉండవయ్యా” అని ఆవిడ అతన్ని ఆపింది.

“ఏమన్నారు?” అంది చివరికి.

గంట నవ్వు కాస్త తగ్గింది. అయినా తెర మీద ‘కరిగిపోతారు’ అని ఉందాయె. “అదేనండీ, మీ అన్నగారు...”

“మా నాన్న మంచాన ఉండగా ఆయన చేత వేలిముద్ర వేయించుకుని, ఇరవై ఏళ్ళు నేను కూర్చున్న షాపులోంచి నన్ను బయటికి నెట్టిన మనిషండీ ఆయన. ఎదురుగా ఈ రేకుల గది తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే షట్టరెత్తితే మొదట కనిపించేది ఆ మొహం. ఈ సంగతి నా పిల్లలతో కూడా చెప్పుకోలేదు. మీ ఫోనమ్మాయితో చెప్పాను. ఆ రోజు నేనేడిస్తే ఆ పిల్ల ఫోన్ పెట్టకుండా నలభై నిమిషాలు వింది. నా మనిషి అనుకున్నాను.” గొంతు బొంగురుపోయింది. “ఇదా ఆ పిల్ల చేసింది? నా ఏడుపంతా మీ అందరికీ పంచిపెట్టిందా, ఎగతాళి చెయ్యమని?”

ఫోన్ పెట్టేసింది.

ఈ క్షణం కోసం చిలక నిన్నటి నుంచీ వెయ్యి కళ్ళతో ఎదురుచూసింది. గంట మొహం మాడిపోవాలి, అది కళ్ళారా చూడాలి. మాడిపోయింది, చూసింది కూడా. కానీ చెవుల్లో మాత్రం ఆ బొంగురు గొంతే వినిపిస్తోంది. అతనికి విసిరిన రాయి ఆవిడకు తగిలింది. ఆవిడకు తగులుతుందని నిన్న తెలియదా? తెలుసు. తెలిసే రాసింది. ‘ఎవరో ఫోన్లో మనిషి, మరిచిపోతుందిలే’ అనుకుంది. పన్నెండుసార్లు మాట్లాడిన మనిషి గురించి అలా ఎలా అనుకోగలిగిందో ఇప్పుడు తనకే అర్థం కాలేదు.

“రెండు నెలలు,” అన్నాడు పెద్దసారు నెమ్మదిగా. “పన్నెండుసార్లు. అమ్మలాంటిది. ఆ అమ్మకు అన్నంటే పడదని నీకు తెలియదా?”

గంట చిన్న తెర వైపు వేలు చూపించాడు. “నోట్స్‌లో అలా ఉంది సార్.”

“నోట్స్ రాసింది నువ్వే కదా?”

అదీ చిలక పన్నిన వల. అవునంటే, ఏడుస్తున్న ఆడమనిషి పుండు మీద కారం రాసిన దద్దమ్మ. కాదంటే, ఆ పేరు తనది కాదని ఒప్పుకున్నట్టు. గంట ఒకసారి తెర వంక చూశాడు, ఒకసారి పెద్దసారు వంక, ఆఖరికి వలయంలో వెనక కూర్చున్న చిలక వంక. అప్పుడు అతనికి తెలిసిపోయింది. ఆమె చూపు తిప్పుకోలేదు. ‘చెప్పు,’ అంది ఆ చూపు. ‘ఏదో ఒకటి చెప్పు.’

“నేను రాయలేదు సార్.”

“మరి?”

“చిలక రాసింది. ఆవిణ్ణి పెంచింది కూడా చిలకే. ఈ పేరు నాది కాదు.”

కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో “అబ్బో” అన్నారు. పక్క కుర్చీ పిల్ల చిలక మోచెయ్యి గట్టిగా నొక్కింది. మూడు నెలలుగా ఆఫీసంతా లోపల్లోపల గొణుక్కునే మాట అతని నోటితోనే బయటపడింది. చిలకకు ఒళ్ళంతా వేడెక్కింది. ఆ ఇత్తడి గంట నాలుక మళ్ళీ ఊడొచ్చేలా తాడు లాగాలనిపించింది.

“నీది కాని పేరు నీ జాబితాలోకి ఎలా వచ్చింది? నడిచొచ్చిందా?” అన్నాడు పెద్దసారు.

“నాకు తెలియదు సార్, ఒట్టు. సోమవారం పొద్దున చూస్తే ఉంటాయి. ఇదొక్కటే కాదు, ఇంకా చాలా. ఎక్కడి నుంచి వచ్చాయని నేనడగలేదు, అంతే. వచ్చిన పేర్లకు ఫోన్ చేశాను.”

“అబద్ధం!” చిలక లేచి నిలబడింది. గొంతు కీచుగా వచ్చినా పట్టించుకోలేదు. “మీరే మార్చారు. తొమ్మిది పేర్లు. ఒక్కొక్కదానికి నేనెన్ని వారాలు పడి చచ్చానో మీకు తెలుసు. అన్నీ మీరే కోసుకుని, ఆ తాడు లాగి, నా చేత చప్పట్లు కొట్టించారు!”

“నేను మార్చలేదు చిలకా. లీడర్లకు ఆ వీల్లేదు, నమ్ము.”

“మిమ్మల్నా నమ్మేది?”

ఇంతసేపూ తలుపు దగ్గర నిలబడ్డ అక్క ముందుకొచ్చింది. ఎప్పటిలాగే మెత్తగా, ఎప్పటిలాగే భుజం మీద చెయ్యి వేసి, “ఊరుకో. సార్, ఇదంతా అందరి ముందూ దేనికి? ముందు ఆవిడకు ఫోన్ చేసి క్షమాపణ చెప్దాం. ఈ పిల్లల తగువు నేను గదిలో కూర్చోబెట్టి తీరుస్తాను,” అంది.

ఇంకో రోజైతే చిలక కరిగిపోయేదే. ఇవాళ కాదు. “వద్దక్కా. ఏ పేరు ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, అన్నీ కంప్యూటర్లో ఉంటాయటగా. అది తెరిపించండి సార్.”

అక్క చెయ్యి భుజం మీద ఒక్క క్షణం బిగిసింది. తర్వాత వంగి, ఆమె చెవికి మాత్రమే వినపడేలా అంది. “బాగా ఆలోచించుకునే అడుగుతున్నావా? అందులో నిన్నటి గురువారం కూడా ఉంటుంది.”

 అక్కకు ఎలా తెలుసు? నిన్న సాయంత్రం తను రాస్తున్నప్పుడు వెనక ఎవరూ లేరే! తెలిసీ ఇవాళ ఈ ఫోన్ ఎందుకు చెయ్యనిచ్చింది?

అయినా వెనక్కి తగ్గడం చేతకాలేదు. తను మునిగినా సరే, అతన్ని మాత్రం వదలకూడదు. “తెరవండి సార్,” అంది మళ్ళీ.

పెద్దసారు తన పాస్‌వర్డ్ కొట్టి, ఏ మార్పు ఎవరు చేశారో చూపించే పేజీ తెరిచాడు. గోడ మీద వరసగా లైన్లు పడ్డాయి. పేరు చిలక నుంచి గంటకు మారింది. తేదీ, ఒక శుక్రవారం. వేళ, సాయంత్రం అయిదూ నలభై. మార్చినవారు...

చిలక ఒకటికి రెండుసార్లు చదివింది. ఆయన ఇంకో పేరు తెరిచాడు. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ అయిదూ నలభై, మార్చినవారు అదే. ఇంకోటి. ఇంకోటి. షాపావిడది కాక, ఆ తొమ్మిదింటికి తొమ్మిది. అయిదున్నరకు తను టీ తాగి, దోర పేర్ల కాగితం బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ ఏ గదిలోంచి బయటికొచ్చేదో, ఆ గదిలోంచే అన్నీ మారాయి.

“అక్కా?” అంది. 

అక్క తల దించుకోలేదు. “అవును, నేనే. తప్పేముంది? పండు పేరు చెయ్యి తిరిగినవాడి చేతిలో ఉంటే ఆఫీసుకు మంచిది. కొత్తవాళ్ళు మూడు నెలలుంటారు, పోతారు. పేర్లు పోకూడదు కదా సార్,” అంది, వాతావరణం గురించి చెప్పినట్టు. “పైగా ఇంత నమ్మకస్తురాలైన పిల్ల గురించి పూర్తిగా తెలుసుకోండి. ఆ షాపావిడ పేజీలో ఆఖరి లైను కూడా చదవండి.”

పెద్దసారు చదివాడు. పైకే చదివాడు. “గురువారం, సాయంత్రం అయిదూ యాభై. ‘పొరపాటున కూడా ఎత్తకూడదు’ తీసేసి, ‘తప్పకుండా ఎత్తాలి, కరిగిపోతారు.’” కళ్ళజోడు తీశాడు. “ఇది నువ్వు చేశావా?”

పక్క కుర్చీ పిల్ల చిలక మోచెయ్యి వదిలేసింది. గంట నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంతకాలం ఆమె పళ్ళు నూరిన మనిషి అతనే, ఇప్పుడు ఆ గదిలో ఆమెను జాలిగా చూస్తున్నది కూడా అతనొక్కడే. అది అన్నిటికన్నా ఎక్కువగా మండింది.

“నేనే సార్,” అంది చిలక.

అప్పుడు ఆమె సీట్లో ఫోన్ మోగింది. అందరూ అటు తిరిగారు. తెర మీద షాపావిడ నంబరు. మూడు నెలల్లో ఆ ఫోన్ బయటి నుంచి మోగడం అదే మొదలు. ఎవరూ కదలకపోతే పెద్దసారే నడిచి వెళ్ళి స్పీకరు మీట నొక్కాడు.

“మా ఫోనమ్మాయి ఉందా అక్కడ?”

చిలక దగ్గరికి వెళ్ళింది. “నేనేనండీ.”

“అమ్మయ్య. చూడు తల్లీ, ఇందాక కోపంలో నిన్ను నోటికొచ్చినట్టు అనేశాను. తర్వాత కాసిని నీళ్ళు తాగి ఆలోచిస్తే తెలిసింది. నువ్వలాంటిదానివి కాదు. నా మాటలు రాసి పెట్టుకుంటానని నువ్వే చెప్పావు, కానీ నలభై నిమిషాలు నాతోపాటు ముక్కు చీదిన పిల్లవి, నువ్వలా ఎందుకు రాస్తావు? నువ్వు రాసింది ఎవరో మార్చేసి ఉంటారు. నాకు తెలియదా ఇలాంటివాళ్ళు? ఒకణ్ణి రోజూ ఎదురుగా చూస్తున్నానుగా.” ఆవిడ ఊపిరి తీసుకుంది. “ఫ్రిజ్ నీ దగ్గరే తీసుకుంటాను. ఒకటి కాదు, మూడు. నాకొకటి, మా వీధిలో నేను చెప్పి ఒప్పించిన ఇంకో ఇద్దరికి చెరొకటి, అన్నీ నీ పేరు మీదే రాసుకో.”

మూడు. ఇదివరకటి రెండూ ఈ మూడూ అయిదు. గడువుకు ఇంకా గంటన్నర ఉంది. గదిలో పదిహేడు మంది చూస్తున్నారు. అక్క చేతులు కట్టుకుని, ఏ తొందరా లేకుండా నిలబడింది.

“ఒక్క మాట మాత్రం నాకు నువ్వే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా నమ్మను,” అంది ఆవిడ. “నా అన్న మాట మార్చి రాసిన చెయ్యి ఎవరిది తల్లీ?”